ఫియో కె7 బాగుంది, కానీ ముందు మీ ఇంటి ఎర్తు చూసుకోండి

ఇంట్లో హెడ్‌ఫోన్స్‌తో పాట వినడానికి మంచి డాక్ (కంప్యూటర్లోని డిజిటల్ పాటను హెడ్‌ఫోన్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె) ఏదో చెప్పమని నన్ను అడిగేవాళ్లందరికీ నేను మొదట చెప్పేది ఒకటే. మీ దగ్గరున్న హెడ్‌ఫోన్ ఏదో చూసుకోండి, తర్వాత మీ గదిలో ప్లగ్గు పాయింటుకు ఎర్తు వస్తోందో లేదో చూసుకోండి, ఆ తర్వాతే డబ్బా సంగతి. నేను వాడేది ఫియో కంపెనీ వాళ్ల కె7, డాక్‌తో పాటు హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ కూడా ఉన్న పెట్టె. కడపలో, ఎర్రముక్కపల్లి వైపు మా ఇంట్లో, పిల్లలకు వీణ పాఠాలు చెప్పే గదిలోనే కంప్యూటరు పక్కన పెట్టుకున్నాను. నాకు చాలా నచ్చిన వస్తువు. మళ్లీ కొనాల్సి వచ్చినా ఇదే కొంటాను. కానీ దాని అసలు గుణం తెలియాలంటే మా ఇంటి పెరట్లో బండ ఎత్తాల్సి వచ్చింది. ఆ సంగతి కూడా చెప్తాను.

నేను దీన్ని కొన్నది మా గురువుగారి పాఠాల కోసం. ఆయన వాయిస్తూ, మధ్యలో ఆపి నోటితో గమకం పలికి చూపిస్తూ చెప్పిన పాఠాలు క్యాసెట్లలో ఉండేవి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టుకున్నాను. వాటిలో ఒక్కో చోట ఎడమచేతి వేలు తీగను ఎంత లాగిందీ, ఏ స్వరం మీద ఆగిందీ తెలియాలంటే స్పీకర్లో విన్నా, బస్సులో పెట్టుకునే ఇయర్‌ఫోన్స్‌లో విన్నా లాభం లేదు. అందుకే సెన్‌హైజర్ హెచ్‌డీ 600 తీసుకున్నాను. 1997 నుంచి వస్తున్న మోడల్ అది, ఇప్పటికీ అమ్ముతున్నారు. గొంతునూ తీగ వాద్యాన్నీ ఉన్నదున్నట్టు వినిపించడంలో దానికి మంచి పేరుంది. దాని ఇంపిడెన్స్, అంటే కరెంటుకు అది చూపే అడ్డు, 300 ఓములు.

డాక్ కావాలా వద్దా అన్నది తేల్చింది ఆ 300 ఓములే. ఫోనుకు పెట్టుకునే చిన్న యూఎస్‌బీ–సీ డాంగిల్ (అదీ ఒక బుల్లి డాకే) మామూలుగా ఒక వోల్టు దాకా ఇస్తుంది. ఒక వోల్టు 300 ఓముల మీద పడితే వచ్చే పవరు 3.3 మిల్లీవాట్లు. సినిమా పాటకు అది సరిపోతుంది, ఎందుకంటే ఇప్పటి పాటల్ని మొదట్నుంచీ చివరిదాకా ఒకే గట్టితనంతో నింపి పెడతారు. నా క్యాసెట్లు అట్లా కాదు. గురువుగారి గొంతు ఎక్కడో మెల్లగా ఉంటుంది, వెంటనే మీటు గట్టిగా పడుతుంది. మెల్లగా ఉన్నది వినపడాలని వాల్యూం పెంచితే ఫోన్లో అప్పటికే చివరిదాకా వచ్చేసి ఉంటుంది. ఇక పెంచడానికి ఏమీ మిగలదు. కె7 బ్యాలెన్స్‌డ్ జాక్ (ఎడమ, కుడి చెవులకు విడివిడి వైర్ల జతలుండే జాక్) నుంచి 32 ఓములకు 2000 మిల్లీవాట్లు, మామూలు పెద్ద జాక్ నుంచి 1220 మిల్లీవాట్లు ఇస్తుందని కంపెనీ లెక్క. 300 ఓముల మీద అంత రాదు గానీ, నాకు కావలసిన దానికన్నా ఎంతో ఎక్కువే వస్తుంది. నేను మామూలు జాకే వాడతాను, లో గెయిన్‌లోనే (శబ్దాన్ని తక్కువగా పెంచే స్విచ్ స్థానంలోనే) పెడతాను. అప్పటికీ నాబ్ సగం కూడా తిప్పను.

అదే మీ దగ్గరున్నది 32 ఓములో, 38 ఓములో ఉండే మామూలు హెడ్‌ఫోన్ అయితే నా మాట వినండి, ముందు ఆ చిన్న డాంగిల్‌తోనే విని చూడండి. ఆపిల్ వాళ్లు అమ్మే డాంగిల్ చూడటానికి బొమ్మలా ఉంటుంది గానీ పని మాత్రం చాలా శుభ్రంగా చేస్తుంది. ఒక్క చిక్కు: కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని శబ్దం బాగా తక్కువగా వస్తుంది. ఆ డాంగిల్‌లోనే ఇంకో వాల్యూం ఉంటుంది, ఫోన్ దాన్ని పూర్తిగా పెంచకుండా వదిలేస్తుంది. చాలామంది డాంగిల్ చెడిపోయిందనుకుని పక్కన పడేస్తున్నారు. డాక్‌ను నేరుగా పట్టుకుని నడిపే ప్లేయర్ యాప్ వేసుకుంటే అదే డాంగిల్ నిండుగా పలుకుతుంది.

డాక్ మారిస్తే పాట రంగే మారిపోతుందని, ఫలానా చిప్పు తియ్యగా ఉంటుంది, ఫలానాది గరుకుగా ఉంటుందని చెప్పేవాళ్లున్నారు. నేను తంబూరా శ్రుతిలో వెంట్రుకవాసి తేడా వస్తే పట్టుకోగల మనిషిని. నా అనుభవం వేరు. రెండు పెట్టెల్ని వాల్యూం సరిగ్గా సమానం చేసుకుని వింటే, వాటిలో ఏదీ చెడ్డది కానంతవరకు, ఏది ఏదో చెప్పడం దాదాపు అసాధ్యం. ఒకటి రవ్వంత గట్టిగా ఉన్నా చాలు, అదే బాగుందని చెవి మోసపోతుంది. కె7లో అసాహి కాసే వాళ్ల ఏకే4493 రకం చిప్పులు రెండున్నాయి. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయోకాలో వాళ్ల ఫ్యాక్టరీ కాలిపోయి, డాక్‌లు తయారుచేసే చాలా కంపెనీలు చిప్పులు దొరక్క మోడళ్లు మార్చుకున్నాయి. అప్పుడు మారిన చిప్పుల వల్ల పాటలు చెడిపోయాయా? లేదు కదా. 384 కిలోహెర్ట్జ్, డీఎస్‌డీ (సీడీ కంటే వివరంగా పాటను దాచే పద్ధతులు) అని డబ్బా మీద వేసిన అంకెలు కూడా నా నిర్ణయాన్ని మార్చలేదు. 1982లో వచ్చిన సీడీకి 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. మనిషి చెవికి అందే పైస్థాయి మొత్తం అందులో వచ్చేస్తుంది, చప్పుడుకూ నిశ్శబ్దానికీ మధ్య 96 డెసిబెల్స్ జాగా ఉంటుంది. నా క్యాసెట్లకు అందులో సగం మీద కొంచెం ఎక్కువ చాలు.

మరి కె7తో నాకు ఒరిగిందేమిటంటే, గదిలో నేనూ గురువుగారూ తప్ప ఇంకేమీ లేకుండా పోవడం. మీటు పడి, తీగ మెల్లగా తగ్గుతూ తగ్గుతూ క్యాసెట్ హిస్సులో కలిసిపోయే దాకా వినపడుతుంది. ఆ చివర్లో వేలు మెట్టు మీది నుంచి జారేటప్పుడు వచ్చే చిన్న గీరుడు కూడా. ఒక పాఠంలో గాంధారం మీద ఆయన ఊపు నేను ఇన్నేళ్లూ రెండు కదలికలని పిల్లలకు చెబుతూ వచ్చిన చోట, మూడో కదలిక లోపల సన్నగా ఉందని ఈ మధ్య తెలిసింది. ఇప్పుడు అట్లాగే నేర్పుతున్నాను. ఇది చిప్పు మహిమ కాదు. హెడ్‌ఫోన్ మంచిది, దానికి సరిపడా పవరుంది, వెనక ఏ గోలా లేదు. అంతే.

కానీ ఆ వెనక గోల లేకుండా పోవడం ఊరికే రాలేదు.

ఎండాకాలం మొదలయ్యాక ఒక హమ్, అంటే ఆగకుండా మూలిగే శబ్దం, పట్టుకుంది. మొదట పెద్ద స్పీకర్లలో. కె7 వెనక లైన్ అవుట్ నుంచి ఆర్‌సీఏ వైర్లతో మా పాత స్టీరియో ఆంప్లిఫయర్‌కు కలుపుకున్నాను, క్లాసులో పిల్లలందరికీ వినిపించాల్సి వచ్చినప్పుడు పనికొస్తుందని. తర్వాత హెడ్‌ఫోన్స్‌లో కూడా, సన్నగా, పాట ఆగిన చోట్ల వినపడేది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఈ హమ్ 50లోనూ దాని రెట్టింపు 100లోనూ ఎక్కువగా పలుకుతుంది. నా వీణ నాలుగు శ్రుతికి (పాశ్చాత్య సంగీతంలో ఎఫ్) కట్టి ఉంటుంది. ఆ శ్రుతిలో 100 హెర్ట్జ్ అంటే చతుశ్రుతి రిషభానికి కొంచెం పైన పడుతుంది. అటు రిషభమూ కాదు, ఇటు సాధారణ గాంధారమూ కాదు. శంకరాభరణం పాఠం వింటుంటే వెనక నుంచి ఎవరో అపశ్రుతి రిషభం పట్టుకుని కూర్చున్నట్టుండేది. మామూలుగా పాట వినేవాళ్లు ఓర్చుకుంటారేమో గానీ, శ్రుతితో బతికేవాళ్లకు అది నరకం.

ఇట్లాంటప్పుడు డబ్బాను అనుమానించి వెనక్కి పంపేసే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఒక్కో వైరూ పీకుతూ పోవాలి. ఆంప్లిఫయర్‌కు వెళ్లే ఆర్‌సీఏ వైర్లు పీకాను, హెడ్‌ఫోన్స్‌లో హమ్ దాదాపు పోయింది. మళ్లీ కలిపి, కంప్యూటర్ బదులు ల్యాప్‌టాప్ పెట్టాను, ఛార్జర్ లేకుండా, ఉత్త బ్యాటరీ మీద. హమ్ పూర్తిగా పోయింది. ఛార్జర్ గుచ్చితే మళ్లీ సన్నగా మొదలు. అంటే తప్పు కె7ది కాదు, ఆంప్లిఫయర్‌ది కాదు, గోడలో ఉంది. ఇంకో ఆనవాలు కూడా దొరికింది: ఒట్టికాళ్లతో బండల మీద నిలబడి కె7 అల్యూమినియం ఒంటిని వేలి వెనకవైపుతో మెల్లగా రాస్తే జిమ్మని తిమ్మిరి. కంప్యూటర్ క్యాబినెట్ స్క్రూకు టెస్టర్ పెడితే దీపం వెలిగింది.

దీని వెనక కారణం ఇది. కంప్యూటర్ పవర్ సప్లైలో కరెంటులోని చెత్తను వడగట్టడానికి ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లను క్యాబినెట్ ఇనుముకు కలుపుతారు. ఎర్తు బాగుంటే ఆ కాస్త కరెంటూ భూమిలోకి పోతుంది. ఎర్తు లేకపోతే క్యాబినెట్ మొత్తం 230లో సగం వోల్టేజి దగ్గర ఊగుతూ ఉంటుంది. ఆ కరెంటు చాలా తక్కువే, కానీ దానికి భూమిలోకి పోయే దారి కావాలి. యూఎస్‌బీ వైరు మీద అల్లిక లోంచి కె7కూ, అక్కణ్నుంచి ఆర్‌సీఏ వైరు అల్లిక లోంచి ఆంప్లిఫయర్‌కూ పోతుంది. పాట వెళ్లే దారీ అదే కాబట్టి పాటతో పాటు అదీ వినపడుతుంది.

మా వీధిలో పనిచేసే ఎలక్ట్రీషియన్ భాయ్‌ని పిలిచాను. బల్బు హోల్డరుకు రెండు వైర్లు కట్టుకుని వచ్చాడు. ఫేజుకూ న్యూట్రల్‌కూ పెట్టాడు, బల్బు నిండుగా వెలిగింది. "ఇప్పుడు ఫేజుకూ ఎర్తుకూ పెడతా చూడండి మేడం" అన్నాడు. లోపలి తీగ ఎర్రగా కనపడింది, అంతే, వెలుగు లేదు. "గుంత యాడుంది?" అని పెరట్లోకి పోయి, మూల నాపబండ ఎత్తించాడు. కింద ఎర్తు గుంత. ఇల్లు కట్టినప్పుడు బొగ్గూ ఉప్పూ వేసి పైపు దించిన గుంత. లోపల మట్టి పిడకలా ఎండిపోయి పైపు చుట్టూ సందు విడిచి ఉంది. "తడి లేకుంటే ఎర్తు ఎట్ల వస్తాది మేడం? మన నేల అంతా రాయి. ఎండాకాలం రోజూ బిందెడు నీళ్లు పోస్తా ఉండాల" అన్నాడు. పైపుకు తుప్పు పట్టిన క్లాంపు మార్చి, కొత్తగా ఉప్పూ బొగ్గూ వేయించి, బిందెలతో నీళ్లు పోయించాడు. ఆ సాయంత్రం నుంచే హమ్ తగ్గింది. తడి లోపలికంటా దిగాక పూర్తిగా పోయింది. కె7ను రాసినా తిమ్మిరి లేదు. మా ఇంట్లో ఫ్రిజ్జును ముట్టుకుంటే వచ్చే చిన్న షాకు కూడా దాంతోనే పోయింది, మా అత్తమ్మ అందుకు ఎక్కువ సంతోషించింది.

ఆ బల్బు పరీక్ష మాత్రం మీరు సొంతంగా చేయొద్దు, తెలిసినవాళ్లతోనే చేయించండి. ఇంకో మాట గట్టిగా చెప్పాలి. హమ్ పోవడానికి మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. కొన్నిసార్లు నిజంగానే హమ్ పోతుంది. కానీ ఏ రోజైనా లోపల ఫేజు తీగ తెగి వస్తువు ఇనుప ఒంటికి తగిలితే, ఆ వస్తువు ముట్టుకున్న మనిషే ఎర్తు అవుతాడు. పిల్లలు తిరిగే గదిలో ఆ పని ఎవరూ చేయకూడదు.

ఎర్తు బాగు చేయించుకునే వీలు లేని అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లకు కె7లోనే ఒక దారి ఉంది, నాకు ఈ డబ్బాలో బాగా నచ్చిన గుణం అది. వెనక ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంది. తోషిబా వాళ్లు 1983లో తెచ్చిన టాస్‌లింక్ వైరు. అందులో పోయేది కరెంటు కాదు, ఎర్రటి వెలుగు. లోపల ఉండేది ప్లాస్టిక్ దారం, రాగి లేదు. కాబట్టి క్యాబినెట్ మీది కరెంటు ఇటు రావడానికి వీల్లేదు. మీ కంప్యూటర్ మదర్‌బోర్డుకో, టీవీకో ఆప్టికల్ అవుట్ ఉంటే యూఎస్‌బీ పీకేసి దీంతో కలపండి. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ దాకా తీసుకుంటుంది, పాటలకు అది బోలెడు. వైరు రెండు కొసలకూ ఉండే చిన్న ప్లాస్టిక్ టోపీలు తీసి పెట్టాలి. టీవీకి కలిపి శబ్దం రాకపోతే టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియోను పీసీఎంకు (కుదించని మామూలు డిజిటల్ శబ్దానికి) మార్చండి. డాల్బీలో వస్తే ఇలాంటి డాక్‌లకు అర్థం కాదు.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద వినేవాళ్లకు ఇంకో గొడవ. పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే హమ్ కాదు, గరగర వస్తుంది. కరెంటు అల నున్నగా కాకుండా గోడ కట్టినట్టు నిలువుగా లేచి పడుతుంది కాబట్టి అడాప్టర్ ఎంత మంచిదైనా కొంత లోపలికి దూరుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్‌కు ఆ బాధ లేదు. ఫ్యాను రెగ్యులేటర్ కూడా చూసుకోండి. మే నెలలో కడపలో ఫ్యాను ఆపి పాట వినమని ఎవరికీ చెప్పలేం. మెట్టు మెట్టుగా కాకుండా నున్నగా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కరెంటు అలను మధ్యలో కోస్తాయి, అది ఆంప్లిఫయర్లో జరజరమని వినపడుతుంది. మా గదిలో కెపాసిటర్ రకం స్టెప్ రెగ్యులేటర్ పెట్టించాను, ఆ శబ్దం మళ్లీ రాలేదు.

ఇక చిన్న చిన్నవి. పాట మధ్యలో టిక్కు టిక్కుమంటే డాక్‌ను యూఎస్‌బీ హబ్ మీద నుంచి తీసి కంప్యూటర్ వెనక పోర్టుకు నేరుగా గుచ్చండి, విండోస్ పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీని నిద్రపుచ్చే ఆప్షన్ ఆపేయండి, ప్లేయర్‌లో బఫర్ కొంచెం పెంచండి. చాలావరకు ఇంతటితో తీరుతుంది. విండోస్ 10లో 2017 నుంచి ఇలాంటి డాక్‌లను పట్టుకునే డ్రైవర్ లోపలే ఉంది. ఫియో వాళ్ల డ్రైవర్ ఏఎస్‌ఐవో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు వాడే పద్ధతి) కావలసిన వాళ్లకే అవసరం.

నాబ్ చుట్టూ ఉండే దీపం అందానికి పెట్టారనుకోకండి. యూఎస్‌బీ మీద 48 కిలోహెర్ట్జ్ దాకా నీలం, అంతకు పైన పసుపు, డీఎస్‌డీ అయితే ఆకుపచ్చ. నేను 44.1లో ఎక్కించిన క్యాసెట్ పాఠం పెట్టినా పసుపు వెలుగుతుంటే, విండోస్ మధ్యలో దూరి దాన్ని 96కో 192కో మార్చి పంపుతోందని అర్థం. సౌండ్ సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి రేటు మార్చుకుంటే, లేదా ప్లేయర్‌లో వాసాపీ ఎక్స్‌క్లూజివ్ (విండోస్ మధ్యలో మార్చకుండా నేరుగా డాక్‌కు పంపే పద్ధతి) పెట్టుకుంటే నీలానికి వస్తుంది. చెవికి తేడా తెలుస్తుందా అంటే నాకు తెలియలేదు. కానీ ఫైల్ ఎలా ఉందో అలాగే వెళ్లడం నాకు ఇష్టం, అందుకే మార్చుకున్నాను. అసలు శబ్దమే రాకపోతే ముందు బటన్‌తో ఇన్‌పుట్ సరిగ్గా ఉందో, ముందరి స్విచ్ హెడ్‌ఫోన్ వైపు ఉందో లైన్ అవుట్ వైపు ఉందో చూడండి. నా దగ్గర నేర్చుకునే అమ్మాయి ఒకసారి "టీచర్, చెడిపోయింది" అని కంగారుపడింది. స్విచ్ లైన్ అవుట్‌లో ఉంది, అంతే.

నచ్చనివీ ఉన్నాయి. బ్లూటూత్ లేదు, అది కావాలంటే కె7 బీటీ అని వేరే మోడల్ కొనాలి. రిమోట్ లేదు. అడాప్టర్ 12 వోల్టులది, బయట ఉంటుంది, ఇంకో ప్లగ్గు పాయింటు తింటుంది. ఎండాకాలంలో డబ్బా ఒళ్లు బాగా వెచ్చగా అవుతుంది, అందుకే మీద పుస్తకాలు పెట్టనివ్వను, గోడకు కొంచెం దూరంగా ఉంచాను. హై గెయిన్‌లో మరిచిపోయి ఇయర్‌ఫోన్స్ పెడితే చెవులకు ప్రమాదం. పిల్లలు ముట్టుకునే చోట ఉంటే ముందు వాల్యూం పూర్తిగా తగ్గించి, హెడ్‌ఫోన్ పెట్టి, తర్వాత మెల్లగా పెంచడం నేర్పండి. వారానికి 40 గంటలు వినే పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్, పిల్లలకు 75 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. ఈ డబ్బాకు దాన్ని దాటడం క్షణం పని. ఇంకోటి, దీంతో రికార్డింగ్ చేయలేరు. క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించాలన్నా, వీణకు మైకు పెట్టి రికార్డు చేయాలన్నా ఆడియో ఇంటర్‌ఫేస్ అనే వేరే పెట్టె కావాలి. ఆన్‌లైన్ క్లాసులు కూడా చెప్పాలనుకునే సంగీతం టీచర్లు, ఒకటే కొనగలిగితే, ఆ ఇంటర్‌ఫేసే కొనండి. దాని హెడ్‌ఫోన్ జాక్ మామూలు హెడ్‌ఫోన్లకు సరిపోతుంది, 300 ఓములవి అయితే కొనేముందు ఒకసారి పెట్టి చూసుకోండి.

కొనే విషయానికొస్తే, కడపలో నేను అడిగిన షాపుల్లో ఎక్కడా ఇలాంటివి పెట్టుకుని విని చూసే ఏర్పాటు లేదు. ఆన్‌లైన్లోనే తెప్పించుకున్నాను. ఇండియా వారంటీ బిల్లు ఇచ్చే అమ్మకందారు దగ్గరే తీసుకోండి, డబ్బా విప్పేటప్పుడు సీలు నుంచి వీడియో తీసి పెట్టుకోండి, వాపసు గడువు ఎన్నాళ్లో ముందే అడగండి. ఆ గడువు లోపలే లైన్ అవుట్, బ్యాలెన్స్‌డ్, ఆప్టికల్, అన్ని జాకులూ ఒక్కోటి వాడి చూడండి, ఇప్పుడు అవసరం లేనివి కూడా. వచ్చే ఎండాకాలం కంటే ముందే ఆ ఎలక్ట్రీషియన్‌ని కూడా ఒకసారి పిలిపించుకోండి.